వేవిళ్ళు అన్న మాట చాటున దాగే జబ్బు

తెలుగులో వేవిళ్ళు అన్న మాటలో ఒక మురిపెం ఉంది. అది చెవిన పడగానే ముందు శుభవార్త గుర్తుకొస్తుంది, బాధ తర్వాత. నెల తప్పిన కొద్ది వారాలకు మొదలై, పూటకోసారి డోకు వచ్చి, కొన్ని వాసనలు వెగటు పుట్టించి, నాలుగో నెల వచ్చేసరికి సద్దుమణిగే ఇబ్బందికి ఆ మాట చక్కగా సరిపోతుంది. అయితే గుక్కెడు నీళ్ళు తాగినా నిమిషాల్లో బయటికి వచ్చేసే స్థితిని కూడా అదే మాటతో పిలుస్తారు. కడుపులో ఏమీ మిగలక పసరు కక్కుకుని, గొంతు ఒరుసుకుపోయి నెత్తుటి చారలు పడేదాన్నీ, మంచం మీద పక్కకు ఒత్తిగిలినా కడుపులో తిప్పేసేదాన్నీ అలాగే అంటారు. రెండింటికీ పేరు ఒకటే కావడం వల్ల రెండో స్థితిలో ఉన్న స్త్రీకి మొదటి స్థితికి చెప్పే ఓదార్పే దొరుకుతుంది. "అందరికీ ఉండేదే, కొన్నాళ్ళు ఓర్చుకో" అంటారు. ఆ మాట నమ్మి ఓర్చుకున్న రోజుల్లోనే జబ్బు ముదురుతుంది.

గర్భిణుల్లో సుమారు 70 శాతం మందికి వికారమో వాంతులో ఏదో ఒక మేరకు ఉంటాయి. సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాల మధ్య మొదలై, తొమ్మిదో వారం ప్రాంతంలో బాగా హెచ్చి, 16 నుంచి 20 వారాల మధ్య చాలామందిలో తగ్గిపోతాయి. పొద్దున పూటకే పరిమితం అవుతాయన్నది నిజం కాదు. రోజంతా ఉండవచ్చు, రాత్రి నిద్ర లేపి మరీ రావచ్చు. మొత్తం గర్భిణుల్లో కొద్దిమందికి, అధ్యయనాన్ని బట్టి 0.3 నుంచి 3 శాతం వరకు, ఇది వేరే జబ్బుగా మారుతుంది. వైద్యులు దాన్ని హైపరెమెసిస్ గ్రావిడారమ్ అంటారు. గర్భిణుల అతివాంతులు అని ఆ పేరుకు అర్థం. గర్భం తొలి సగంలో స్త్రీలు ఆసుపత్రిలో చేరడానికి ముఖ్యమైన కారణాల్లో ఇదొకటి.

రెండింటి మధ్య గీత ఎక్కడ గీయాలి? చాలాకాలం వైద్యులు బరువును కొలమానంగా పెట్టుకున్నారు. గర్భానికి ముందున్న బరువులో 5 శాతానికి మించి తగ్గితే, ఒంట్లో నీరు తగ్గిపోతే, లవణాలు తారుమారైతే అది అతివాంతుల జబ్బు. 60 కిలోల మనిషి 57కు దిగిపోవడమన్నమాట. ఈ కొలమానంలో ఒక లోపం ఉంది. మనిషి అంతగా చిక్కిపోయేదాకా ఆగి, అప్పుడు జబ్బుందని ఒప్పుకుంటుంది. 2021లో వివిధ దేశాల వైద్యులు, పరిశోధకులు, జబ్బు అనుభవించిన స్త్రీలు కలిసి ఒక కొత్త నిర్వచనాన్ని ఖరారు చేశారు. లక్షణాలు 16 వారాలలోపు మొదలవాలి, వికారం, వాంతులలో కనీసం ఒకటి తీవ్రంగా ఉండాలి, మామూలుగా తినడమో తాగడమో సాధ్యం కాకూడదు, రోజువారీ పనులు బాగా కుంటుపడాలి. తూకం యంత్రం చెప్పే దానికంటే ఆమె చెప్పే దానికి ఇందులో విలువ ఎక్కువ. ఇది సరైన మార్పు.

తీవ్రతను కొలవడానికి వైద్యులు మూడు ప్రశ్నలతో ఒక చిన్న పట్టిక వాడతారు. గడిచిన ఇరవై నాలుగు గంటల్లో వికారం ఎన్ని గంటలు ఉంది, వాంతి ఎన్నిసార్లు అయింది, ఏమీ రాకుండా ఉత్త డోకు ఎన్నిసార్లు వచ్చింది అన్నవే ఆ ప్రశ్నలు. ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు. మొత్తం 6 లేదా అంతకు తక్కువైతే స్వల్పం, 7 నుంచి 12 దాకా మధ్యరకం, 13 లేదా అంతకు ఎక్కువైతే తీవ్రం. డాక్టరు దగ్గర కూర్చున్నప్పుడు "బాగా వాంతులవుతున్నాయి" అనడం కన్నా ఈ మూడింటికీ అంకెల్లో జవాబు చెప్పడం ఎంతో మేలు. వాంతి కాకపోయినా గంటల తరబడి వీడని వికారం ఒక్కటే మనిషిని మంచానికి కట్టేయగలదు. అది ఎవరికీ కనిపించదు కాబట్టి లెక్కలోకి రాదు.

ఎందుకు వస్తుందన్న ప్రశ్నకు వైద్యం చాలాకాలం తప్పుడు జవాబు చెప్పింది. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల్లో ఇది మనసుకు పుట్టిన రోగమనీ, కడుపులోని బిడ్డను ఆ స్త్రీ లోలోపల వద్దనుకుంటోందనీ పుస్తకాల్లో రాశారు. ఆ నమ్మకంతో రోగులను ఒంటరి గదుల్లో ఉంచారు, అయినవారిని చూడనివ్వలేదు, వాంతి చేసుకోవడానికి గిన్నె కూడా ఇవ్వకుండా శిక్షించారు. వాటిని వైద్యం పేరిట చేశారు. బ్రిటన్‌లో 1931-40 మధ్య ప్రతి పది లక్షల కాన్పులకు 159 మంది తల్లులు ఈ జబ్బుతో చనిపోయారు. 1951-60 నాటికి ఆ సంఖ్య మూడుకు పడిపోయింది. ఆ ఇరవై ఏళ్ళలో స్త్రీల మనసులు మారిపోలేదు. నరంలోకి ద్రవాలు, లవణాలు ఎక్కించడం వాడుకలోకి వచ్చింది. మనోరోగమన్న వాదానికి ఇంతకు మించిన ఖండన అక్కర్లేదు. అయినా ఆ వాదపు నీడ ఇప్పటికీ పోలేదు. "మనసు గట్టి చేసుకో", "దాని గురించే ఆలోచించకు" అనే సలహాల్లో అది వినిపిస్తూనే ఉంది.

ఈ చీకటిని తొలగించిన వారిలో ముందు చెప్పుకోవలసిన పేరు మార్లీనా ఫెయిజో. అమెరికాకు చెందిన ఈ జన్యు శాస్త్రవేత్త 1999లో స్వయంగా ఈ జబ్బు పాలయ్యారు. వాంతి లేకుండా కదలలేని స్థితిలో వారాలు గడిపి, పదిహేనో వారంలో గర్భాన్ని కోల్పోయారు. ఆ తర్వాత తన జీవితకాలపు పరిశోధనను దీనికే కేటాయించారు. ఆమె నాయకత్వంలో 2018లో వెలువడిన జన్యు అధ్యయనం అనుమానాన్ని జీడీఎఫ్15 అనే ప్రోటీను మీదికి తిప్పింది. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయానికి చెందిన స్టీఫెన్ ఓరాహిలీ బృందంతో కలిసి 2023 డిసెంబరులో ప్రచురించిన పరిశోధన ఆ అనుమానాన్ని చాలావరకు ఖాయం చేసింది.

జీడీఎఫ్15 మన ఒంట్లో ఎప్పుడూ కొద్దిగా ఉంటుంది. కణాలు ఒత్తిడికి లోనైనప్పుడు పెరుగుతుంది. కొన్ని క్యాన్సర్లలో ఆకలి చచ్చిపోయి మనిషి శుష్కించడంలోనూ దీని పాత్ర ఉంది. దీన్ని అందుకునే గ్రాహకాలు మెదడు అడుగుభాగంలో, వాంతిని నడిపించే చోట ఉన్నాయి. గర్భం వచ్చాక పిండం, మాయ కలిసి దీన్ని పెద్దఎత్తున తల్లి రక్తంలోకి వదులుతాయి. ఇది అందరు గర్భిణుల్లోనూ జరిగేదే. మరి కొందరికే ఇంత బాధ ఎందుకు? 2023 నాటి పరిశోధన చెప్పిన సంగతి ఇక్కడే ఆశ్చర్యం కలిగిస్తుంది. గర్భానికి ముందు ఎవరి ఒంట్లో జీడీఎఫ్15 సహజంగా తక్కువగా ఉందో, వారికే ముప్పు ఎక్కువ. అలవాటు లేని మెదడు మీదికి ఆ ప్రోటీను ఒక్కసారిగా వచ్చి పడితే తట్టుకోలేదు. ముందునుంచీ అధికంగా ఉన్నవారి మెదడు దానికి అలవాటు పడిపోయి ఉంటుంది. బీటా థలసీమియా అనే వంశపారంపర్య రక్తపు జబ్బు ఉన్న స్త్రీల రక్తంలో ఇది ఎప్పుడూ చాలా హెచ్చుగా ఉంటుంది. వారిలో గర్భకాలపు వాంతులు చాలా అరుదుగా కనిపించడం ఈ వివరణకు బలాన్నిచ్చింది.

ఇది వంశంలో నడుస్తుందని అంతకుముందే తెలుసు. నార్వేలో జనన నమోదుల ఆధారంగా 2010లో వెలువడిన అధ్యయనంలో, తల్లికి ఈ జబ్బు వచ్చిన కూతుళ్ళలో 3 శాతం మందికి, రాని తల్లుల కూతుళ్ళలో 1.1 శాతం మందికి ఇది వచ్చింది. అదే కొడుకుల విషయంలో, వారి భార్యలకు ముప్పు పెరగలేదు. కడుపులో కవలలు ఉన్నప్పుడు, పిండం ఏర్పడకుండా మాయ మాత్రమే ద్రాక్షగుత్తిలా పెరిగే ముత్యాల గర్భంలో కూడా వాంతులు తీవ్రమవుతాయి. అందుకే స్కానింగ్ తప్పనిసరి. గర్భం తొలినాళ్ళలో హెచ్చే హెచ్‌సీజీ హార్మోన్ కొందరిలో థైరాయిడ్ గ్రంథిని కూడా రెచ్చగొడుతుంది. రక్తపరీక్షలో థైరాయిడ్ హెచ్చుగా కనబడినా చాలామందిలో అది తనంతట తానే సర్దుకుంటుంది. దానికి విడిగా మందులు అక్కర్లేదు.

ఇంతకూ మందుల దగ్గరికి వస్తే, గర్భిణి మాత్ర చేతిలోకి తీసుకోగానే వెన్నులో ఒక భయం పాకుతుంది. ఆ భయానికి చరిత్ర ఉంది, దాన్ని కొట్టిపారేయకూడదు. 1957లో పశ్చిమ జర్మనీలో థాలిడోమైడ్ అనే మందు అమ్మకానికి వచ్చింది. నిద్రకనీ ఆందోళనకనీ వచ్చిన ఆ మందును గర్భిణుల వికారానికి కూడా ఇచ్చారు. 1961 నవంబరులో ఉపసంహరించేలోపు ప్రపంచవ్యాప్తంగా పదివేల మందికి పైగా పిల్లలు చేతులు, కాళ్ళు సరిగ్గా ఎదగకుండా పుట్టారు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థలో పనిచేస్తున్న ఫ్రాన్సెస్ కెల్సీ ఆధారాలు చాలవని పట్టుబట్టి అనుమతి ఇవ్వకపోవడంతో ఆ దేశం చాలావరకు తప్పించుకుంది. గర్భంలో మందులను పరీక్షించే పద్ధతులన్నీ ఆ విషాదం తర్వాతే గట్టిపడ్డాయి.

కానీ అదే భయం మరో రకం నష్టం చేసిన కథ కూడా ఉంది, అది అంతగా ఎవరికీ తెలియదు. డాక్సిలమైన్, విటమిన్ బీ6 కలిసిన మాత్ర 1956లో బెండెక్టిన్ పేరుతో అమెరికాలో వచ్చింది. కోట్ల మంది గర్భిణులు వాడారు. పుట్టిన పిల్లల్లో లోపాలకు అదే కారణమంటూ దావాలు వెల్లువెత్తడంతో తయారీదారు 1983లో దాన్ని మార్కెట్టు నుంచి తీసేశారు. పరిశోధనలు మాత్రం దానివల్ల హాని ఉందని తేల్చలేదు. మందు పోయాక పుట్టుక లోపాలు తగ్గాయా అంటే తగ్గలేదు. పెరిగింది తీవ్ర వాంతులతో ఆసుపత్రి పాలైన గర్భిణుల సంఖ్యే. అదే మిశ్రమాన్ని 2013లో అమెరికా నియంత్రణ సంస్థ మరో పేరుతో మళ్ళీ అనుమతించింది. ముప్పై ఏళ్ళపాటు ఒక దేశపు స్త్రీలు మంచి మందు లేకుండా ఉండిపోయారు. మందు వాడితే వచ్చే ప్రమాదాన్ని అందరూ లెక్కిస్తారు. వాడకపోతే వచ్చే ప్రమాదాన్ని కూడా అంతే శ్రద్ధగా లెక్కించడం న్యాయం.

ఆ లెక్క వేస్తే చిత్రం ఇలా ఉంటుంది. డాక్సిలమైన్, బీ6 మిశ్రమం చాలా దేశాల్లో మొదటి వరుస మందు. నెమ్మదిగా పనిచేసే రకం కాబట్టి రాత్రి పడుకునే ముందు వేసుకుంటే పొద్దుటికి పట్టు చిక్కుతుంది. మగత దీని ప్రధాన ఇబ్బంది. ప్రోమెథజైన్, సైక్లిజిన్, ప్రోక్లోర్‌పెరజైన్ వంటి పాత మందులు దశాబ్దాలుగా వాడుకలో ఉన్నాయి. మెటోక్లోప్రమైడ్ బాగా పనిచేస్తుంది, కానీ కొందరిలో మెడ, దవడ కండరాలు బిగుసుకుపోయేలా చేస్తుంది. అందువల్ల కొద్దిరోజులకే పరిమితం చేస్తారు. ఒండాన్‌సెట్రాన్ చుట్టూ చర్చ ఎక్కువగా జరిగింది. అమెరికాలో 18 లక్షల గర్భాలను పరిశీలించిన 2018 నాటి అధ్యయనంలో, తొలి మూడు నెలల్లో ఇది వాడినప్పుడు పెదవి లేదా అంగిలి చీలిక ప్రతి పదివేల మంది పిల్లల్లో 11 నుంచి 14కు పెరిగినట్టు తేలింది. అంటే పదివేలకు మూడు ఎక్కువ. అదే అధ్యయనం గుండె లోపాలు పెరిగినట్టు చూపలేదు. ఈ అంకె ముందు పెట్టి, నీళ్ళు కూడా నిలవని స్త్రీతో మాట్లాడి నిర్ణయించుకోవలసిన విషయం ఇది. మాట కూడా ఎత్తకుండా రాసేయడం తప్పు, భయపెట్టి ఆపేయడమూ తప్పే. ఒండాన్‌సెట్రాన్ మలబద్ధకం తెస్తుంది, ఆ మలబద్ధకం తిరిగి వికారాన్ని పెంచుతుంది. అందుకని దాన్ని మొదటిరోజు నుంచే చూసుకోవాలి. రక్తంలో పొటాషియం తగ్గి ఉంటే గుండె లయ మీద దీని ప్రభావం పడే అవకాశం ఉంది కాబట్టి సొంతంగా కొనుక్కుని వాడదగింది కాదు. వీటితో లొంగని కొద్దిమందికి స్టెరాయిడ్లు చివరి ఆసరా.

మందుల వాడకంలో ఎక్కువమంది పడే పొరపాటు, వాంతి వచ్చినప్పుడే మాత్ర వేసుకోవడం. అప్పటికే ఆలస్యం. ఆ మాత్ర కూడా వాంతిలో పోతుంది. వేళ ప్రకారం, బాగున్న పూట కూడా వేసుకుంటేనే అది అడ్డుకట్టగా నిలుస్తుంది. ఒక మందు చాలనప్పుడు దాన్ని మానేసి ఇంకోటి మొదలుపెట్టడం కన్నా, దానికి తోడుగా వేరే తీరున పనిచేసే మందును కలపడం తరచుగా మంచి ఫలితాన్నిస్తుంది. మింగలేకపోతే నాలుక మీద కరిగేవి, మలద్వారంలో ఉంచేవి, ఇంజెక్షన్లు ఉన్నాయి. కాస్త తేలికపడిన రోజున హఠాత్తుగా ఆపితే వాంతులు తిరగబెట్టడం తరచుగా జరిగేదే. తగ్గించడమూ మెల్లగానే జరగాలి. అల్లం సంగతి ఇక్కడ చెప్పాలి. స్వల్ప వికారంలో అల్లం కొంత సాయపడుతుంది. అతివాంతుల జబ్బులో పడినవారికి మాత్రం పనిచేయదు, పైగా పచ్చిగా ఉన్న గొంతును మండిస్తుంది. పదిమంది పదిసార్లు అల్లం తిన్నావా అని అడగడం, ఏదో తేలిక మార్గం ఉన్నా ఆమే పాటించడం లేదన్నట్టు వినబడుతుంది.

ఇంట్లో గడిపే రోజుల్లో మొదటి స్థానం నీళ్ళదే, తిండిది ఆ తర్వాతే. గ్లాసెడు నీళ్ళు ఒక్కసారి తాగితే పొట్ట సాగి వెనక్కి కొడుతుంది. ఐదారు నిమిషాలకోసారి చెంచాడు, లేదంటే నోట్లో మంచుముక్క. లవణాలు కలిపిన ద్రావణం ఉత్త నీళ్ళ కన్నా మేలు. చాలామందికి చల్లనివి పడతాయి, ఎందుకంటే వేడి పదార్థం నుంచి వాసన ఎక్కువ లేస్తుంది. తిండినీ ద్రవాన్నీ ఒకేసారి కాకుండా అరగంట తేడాతో తీసుకుంటే కొందరికి కడుపులో నిలుస్తుంది. పొట్ట పూర్తిగా ఖాళీ అయినా వికారం పెరుగుతుంది కాబట్టి మంచం దిగకముందే పొడిగా ఉన్నది ఏదైనా రెండు మునిపళ్ళ కొరుకులు తినడం పనికొస్తుంది. ఏది తినాలన్న దానికి ఈ వారాల్లో ఒకటే నియమం, నిలిచేదే తినాలి. పోషకాల పట్టికలు, సమతుల ఆహారపు ఉపదేశాలు ఇప్పుడు పక్కన పెట్టవచ్చు. నాలుగు రోజులు ఒకే పదార్థం తిన్నా తప్పులేదు. నిన్న పడింది ఇవాళ పడకపోవచ్చు, దానికి ఎవరూ చిన్నబుచ్చుకోకూడదు.

రోజులో ఏదో ఒక సమయాన పట్టు కాస్త సడలుతుంది. కొందరికి అది అర్ధరాత్రి, కొందరికి మధ్యాహ్నం. ఆ వేళను గుర్తించి మందులు, తాగడం, తినడం, పళ్ళు తోముకోవడం అన్నీ దాని చుట్టూ అమర్చుకోవచ్చు. వాంతి అయిన వెంటనే పళ్ళు తోమితే ఆమ్లంతో మెత్తబడిన ఎనామెల్ అరిగిపోతుంది. వంటసోడా కలిపిన నీళ్ళతో పుక్కిలించి అరగంటైనా ఆగాలి. ఇనుము మాత్రలు చాలామందిలో వికారాన్ని పెంచుతాయి. డాక్టరుతో మాట్లాడి వాటిని కొంతకాలం ఆపవచ్చు. ఫోలిక్ యాసిడ్‌ను మాత్రం ఎలాగైనా కొనసాగించడం మంచిది, ఆ మాత్ర చిన్నది కూడా. కదలిక, ప్రయాణం, ఫోను తెరపై పరుగెత్తే దృశ్యాలు, ఘాటు వాసనలు ఇవన్నీ వికారాన్ని రెచ్చగొట్టేవే. చీకటిగా, గాలి ఆడేలా ఉన్న గదిలో కదలకుండా పడుకోవడం కొందరికి ఏకైక ఉపశమనం. దాన్ని బద్ధకం అనుకునేవారు ఒక్కరోజు ఓడ మీద తుపానులో గడిపినట్టు ఊహించుకోవాలి. ఆ ఓడ వారాల తరబడి ఒడ్డు చేరదు.

ఇంటి దగ్గర సరిపెట్టుకునే హద్దు ఎక్కడ ముగుస్తుందో ముందే తెలిసి ఉండాలి. ఇరవై నాలుగు గంటలుగా ఏదీ నిలవకపోయినా, ఎనిమిది గంటలుగా మూత్రం రాకపోయినా, వచ్చిందీ ముదురు రంగులో ఉన్నా, లేచి నిలబడితే కళ్ళు తిరుగుతున్నా, వాంతిలో రక్తం పడినా, బరువు వేగంగా పడిపోతున్నా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. జ్వరం, కడుపునొప్పి, మూత్రంలో మంట తోడైతే కారణం వేరే ఉండవచ్చు. పదకొండో వారం దాటాక మొదటిసారిగా మొదలైన వాంతులను కూడా వేవిళ్ళుగా సరిపెట్టకుండా వేరే కారణం వెతకాలి.

ఆసుపత్రిలో సెలైన్, అందులో పొటాషియం, నరం ద్వారా మందులు, ఇవి చాలామందిని ఒకటి రెండు రోజుల్లో నిలబెడతాయి. చాలా చోట్ల పగటిపూట వెళ్ళి సెలైన్ ఎక్కించుకుని సాయంత్రానికి ఇల్లు చేరే ఏర్పాటు ఉంటుంది. మంచం పట్టి, నీరు తగ్గిన గర్భిణికి కాళ్ళ నరాల్లో రక్తం గడ్డకట్టే ముప్పు ఉంటుంది కాబట్టి చేరిన వారికి హెపారిన్ ఇంజెక్షన్ ఇస్తారు. ఎన్ని చేసినా తిండి నిలవనివారికి ముక్కు ద్వారా గొట్టంతో ఆహారం అందించే దారి ఉంది.

వీటన్నిటిలో అందరూ గుర్తు పెట్టుకోవలసింది థయమిన్, అంటే విటమిన్ బీ1. ఒంట్లో దీని నిల్వ రెండు మూడు వారాలకు మించి రాదు. వారాలుగా వాంతులవుతున్న గర్భిణికి థయమిన్ ఇవ్వకుండా గ్లూకోజు సీసా ఎక్కిస్తే, ఆ గ్లూకోజును వాడుకోవడానికి మిగిలిన కాస్త బీ1 కూడా ఖర్చయిపోయి మెదడు దెబ్బతినవచ్చు. దాన్ని వెర్నికీ ఎన్‌సెఫలోపతి అంటారు. చూపు రెండుగా కనబడడం, కనుగుడ్లు అదరడం, నడక తూలడం, ఆలోచన తికమకపడడం దాని గుర్తులు. వెంటనే చికిత్స అందకపోతే జ్ఞాపకశక్తి శాశ్వతంగా పోవచ్చు, ప్రాణమే పోవచ్చు. నీరసంగా ఉందని గ్లూకోజు పెట్టించడం మంచి చేయబోయి కీడు చేయడమవుతుంది. "ముందు థయమిన్ ఇచ్చారా?" అన్న ఒక్క ప్రశ్న కుటుంబంలో ఎవరైనా అడగవచ్చు, అడగాలి.

ఇంకో చిక్కు మూత్రంలో కీటోన్ల పరీక్ష. తిండి లేనప్పుడు ఒళ్ళు కొవ్వును కరిగించుకుంటే పుట్టే పదార్థాలే కీటోన్లు. కీటోన్లు లేవు కాబట్టి జబ్బు తీవ్రంగా లేదని ఇంటికి పంపేయడం ఏళ్ళ తరబడి జరిగింది. ఒంట్లో నీరు ఎంత తగ్గిందో, వాంతులు ఎంత తీవ్రమో కీటోన్లు చెప్పలేవని బ్రిటన్‌కు చెందిన రాయల్ కాలేజ్ ఆఫ్ అబ్‌స్టెట్రీషియన్స్ అండ్ గైనకాలజిస్ట్స్ 2024 మార్గదర్శకాల్లో స్పష్టం చేసింది. కాగితపు పట్టీ రంగు మారలేదన్న కారణంతో తిప్పి పంపితే, ఈ సంగతి ప్రస్తావించి మళ్ళీ పరీక్షించమనవచ్చు.

బిడ్డకు ఏమవుతుందన్న బెంగ తల్లిని లోపల తినేస్తూ ఉంటుంది. మామూలు వేవిళ్ళతో బిడ్డకు ప్రమాదం లేదు. తొలి వారాల్లో పిండానికి కావలసింది కొద్దే కాబట్టి కొన్నాళ్ళు తిండి తగ్గినా సాధారణంగా నష్టం జరగదు. కానీ "బిడ్డకు కావలసింది బిడ్డ లాక్కుంటుంది" అనే ధీమాను నెలల తరబడి సాగదీయడానికి వీల్లేదు. తల్లి బరువు బాగా తగ్గి తిరిగి పుంజుకోకపోతే బిడ్డ తక్కువ బరువుతో, నెలలు నిండకుండా పుట్టే అవకాశం పెరుగుతుంది. చికిత్స చేయడం ఇద్దరికోసమూ.

మనసు సంగతి చివరికి మిగిలేది కాదు, అయినా ఎప్పుడూ చివరికే మిగులుతుంది. బ్రిటన్‌లో ఈ జబ్బుకు గురైన ఐదు వేల మందికి పైగా స్త్రీలతో చేసి 2021లో ప్రచురించిన సర్వేలో సగం మంది గర్భం తీయించుకోవాలని ఆలోచించినట్టు చెప్పారు. సుమారు 5 శాతం మంది తీయించుకున్నారు. నాలుగో వంతు మందికి అప్పుడప్పుడు చచ్చిపోవాలన్న తలంపు వచ్చింది. బాధ ఎక్కువ పడినవారే ఇటువంటి సర్వేలకు ముందుకొస్తారు కాబట్టి ఈ అంకెలను అందరికీ వర్తింపజేయకూడదు. అయినా ఇందులో వినపడే గోడు నిజం. వారిలో ఎందరో ఆ బిడ్డను కోరి కన్న కలలున్నవారే. ఇక్కడ దిగులు జబ్బు ఫలితం, జబ్బుకు కారణం కాదు. చచ్చిపోవాలనిపిస్తే ఆ మాటను సిగ్గుపడకుండా డాక్టరుకు చెప్పాలి, విన్నవారు ఆ క్షణమే పట్టించుకోవాలి. పక్కనున్నవారు చేయగల పనులు పెద్దవేమీ కావు. పూటపూటా ఏమైనా తిన్నావా అని నిలదీయకపోవడం, వంట వాసన ఆ గది దాకా రాకుండా చూడడం, పెద్ద పిల్లవాడుంటే వాడి పనులు తీసుకోవడం, వాంతుల లెక్క, మూత్రం లెక్క, మందుల వేళలు రాసి పెట్టడం, డాక్టరు దగ్గర ఆమెకు మాట రానప్పుడు ఆ కాగితం తీసి చూపించడం.

వాంతులు ఆగాక కథ అయిపోయిందనుకుంటారు. కొందరికి ప్రసవం దాకా ఆగవు. ఆగినవారిలోనూ కరిగిపోయిన కండరం, పాడైన పళ్ళు, కొన్ని వాసనలకు ఉలిక్కిపడే శరీరం, మళ్ళీ గర్భం అంటే భయం మిగులుతాయి. తర్వాతి కాన్పులో ఇది తిరిగి వచ్చే అవకాశం ఎక్కువే. అందుకని రెండో గర్భానికి ముందే డాక్టరుతో కూర్చుని ఏ మందు ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎన్ని రోజులకు ఆసుపత్రికి రావాలో రాసుకోవడం మంచిది. లక్షణాలు మొదలయ్యేదాకా ఆగకుండా గర్భం నిర్ధారణ కాగానే డాక్సిలమైన్, బీ6 మిశ్రమం మొదలుపెడితే తీవ్రత తగ్గినట్టు చిన్న అధ్యయనాలు చూపాయి. జీడీఎఫ్15 కథ తెలిశాక ఇంకో ఆలోచన పుట్టింది. గర్భానికి ముందే ఆ ప్రోటీనును కొద్దికొద్దిగా పెంచి శరీరాన్ని అలవాటు చేస్తే? మధుమేహానికి వాడే మెట్‌ఫార్మిన్ దాన్ని పెంచుతుంది. ఆ దారిలో పరిశోధకులు ఇప్పుడు పనిచేస్తున్నారు. అది రుజువైన చికిత్స ఇంకా కాలేదు కాబట్టి సొంతంగా మొదలుపెట్టకూడదు. ఇప్పటికి చేతిలో ఉన్నవి రాసిపెట్టుకున్న ఆ ప్రణాళిక, తొలి వారంలోనే మొదలయ్యే మందు, తలుపు తట్టగానే సెలైన్ పెట్టే ఆసుపత్రి.